ఇనుములో మిగిలిన పదకొండు కిలోమీటర్లు

ఎముకలన్నీ ఊడదీసి గోనెపట్టా మీద పరిచావు, మళ్ళీ అతకడం వచ్చునా రాదా అని పైడమ్మ గిన్నెలు తోముతూ కూతుర్ని అడిగింది.

వసారాలో బండి అస్థిపంజరంలా నిలబడి ఉంది. దాని చుట్టూ చెయిను, క్లచ్చి ప్లేట్లు, కార్బ్యురేటరు, సైలెన్సరు, ఒక్కోదాని కింద కాగితం ముక్క మీద నెంబరు. నూకరత్నం విప్పిన వరుసంతా నోటుబుక్కులో రాసుకుంది. ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి కావడం వల్లనో ఏమో, ఏ పని చేసినా ముందు రాసుకోవడం ఆమెకు అలవాటు. విశాఖపట్నంలో యూనివర్సిటీలో లోహాల మీద పరిశోధన చేస్తోంది. శనివారం పాసింజరెక్కి బొబ్బిలి రావడం, ఆదివారమంతా బండి ముందు కూర్చోవడం ఆర్నెల్లుగా సాగుతోంది.

బండి తండ్రి గౌరునాయుడిది. కరెంటు లైన్‌మన్‌గా పనిచేసేవాడు. ఎనిమిదేళ్ళ కిందట ఒక వానాకాలం మధ్యాహ్నం, సాయంత్రానికి వచ్చేస్తానని చెప్పి బయల్దేరాడు. ఇంటికి ముప్ఫై కిలోమీటర్ల దూరాన గుర్రాలపేట కల్వర్టు మీద బండి జారి పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

అటు ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలియలేదు. ఆ వైపు ఆయనకి డ్యూటీ లేదు, చుట్టాలు లేరు. సమాధానం దొరకని చోట వీధి తనకు తోచిన సమాధానం రాసుకుంది. అటు ఎవరో ఉన్నారన్నారు. కుళాయి దగ్గర ఆ మాట అన్న మనిషితో పైడమ్మ బిందె విసిరికొట్టి మరీ దెబ్బలాడింది. కానీ ఎనిమిదేళ్ళుగా ఆమె మనసులో కూడా ఆ ప్రశ్న అలాగే ఉంది. ఎక్కడికెళ్ళాడు?

బండి రెండేళ్ళు పోలీసు స్టేషన్ ఆవరణలో పడుంది. తర్వాత ట్రాక్టరు మీద ఇంటికొచ్చి టార్పాలిను కింద చేరింది. పైడమ్మ దాని జోలికి వెళ్ళేది కాదు. ఒక్క దసరాకి మాత్రం పట్టా పక్కకి లాగి, హేండిల్ ఒక్కదాన్ని తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టేది. మిగతా బండి దుమ్ములోనే ఉండేది. ఆయన చేతులు పట్టుకున్నది హేండిలే కదా అనేది.

బండిని కొత్తదాన్ని చెయ్యాలన్న ఆలోచన రత్నానిది. ట్యాంకుకి పాత మెరూన్ రంగే. కానీ సీటు మాత్రం మార్చేస్తోంది. తల్లి మోకాళ్ళు వంగవు కాబట్టి సీటు వెడల్పు చేసి, కిందికి దించి, వెనక వీపు ఆనుకోవడానికి మెత్త కట్టించింది. కాలు పెట్టుకునే చోట పలకలాంటిది బిగించాలి. గౌరునాయుడు బతికుండగా పైడమ్మని ఒక్కసారైనా ఆ బండి ఎక్కించుకోలేదు. ఆసుపత్రికైనా సంతకైనా ఆమె ఆటోలో, ఆయన ముందు బండి మీద. నన్ను ఎక్కించుకోడానికి మీ అయ్యకి సిగ్గు అని పైడమ్మ నవ్వుతూనే అనేది గాని, ఆ నవ్వు ఎంతవరకో రత్నానికి తెలుసు.

చట్రం, ముందు ఫోర్కు, చక్రాల రిమ్ములు విశాఖలో రంగు వేసి కొలిమిలో కాల్చే చోటికి పంపింది. హేండిల్ కూడా పంపుదామంటే తల్లి ఇవ్వలేదు. అది అలాగే ఉంటాది అంది.

ఆ మొండితనమే వాళ్ళకి అక్కరకొచ్చింది.

* * *

ల్యాబులో రత్నం గైడు జగ్గారావు గారు చేసిన యంత్రానికి కాగితాల మీద చాలా పెద్ద పేరుంది. పిల్లలు మాత్రం దాన్ని వినికిడి పెట్టె అంటారు. ఇనుము మీద బరువు పడ్డప్పుడల్లా లోపలి రేణువులు కంటికి కనపడనంత పక్కకి జరుగుతాయి. బరువు తీసేసినా ఆ జరిగినవి పూర్తిగా వెనక్కి రావు. పెట్టెలో పెట్టి సన్నటి కరెంటు పోట్లు ఇస్తే, అలా జరిగినవన్నీ ఒకటొకటిగా తమ చోటికి వెళ్ళిపోతాయి. వెళ్తూ వెళ్తూ ఒక్కోటి చిన్న టిక్కుమనే చప్పుడు చేస్తుంది. పెట్టె వినేది దాన్నే. పాతవి ముందు వదులుతాయి, కొత్తవి తర్వాత.

మొదటిసారి దాన్ని క్యాంటీన్ సాంబారు గరిటె మీద ప్రయత్నించారు. పెట్టెకి తగిలించిన నకలు కడ్డీని చేత్తో పట్టుకుంటే, గరిటె ఆరేళ్ళ పాటు తిరిగిన తిరుగుడు చేతికి తెలిసింది. పగటి ఎండకి ఇనుము సాగి, రాత్రి ముడుచుకోవడం వల్ల రోజులు కూడా పుస్తకంలో పేజీల్లా విడివిడిగా కనపడ్డాయి. వారానికి ఒక రోజు గరిటె కదల్లేదు, అది ఆదివారం. తిప్పిన చేతిది ఎడమవాటమని జగ్గారావు గారు పట్టేశారు. వంటమనిషిని పిలిచి అడిగితే, అవునండి, మీకెలా తెలుసని భయపడిపోయాడు. ఆ వారమంతా ల్యాబులో అందరూ దొరికిన ఇనుప ముక్కనల్లా తెచ్చి పెట్టెలో పెట్టారు.

ఒకటే చిక్కు. చదివిన ఇనుము మళ్ళీ చదవడానికి పనికిరాదు. అప్పుడే కొలిమిలోంచి వచ్చినదానిలా ఖాళీ అయిపోతుంది. విన్నది కంప్యూటర్లో ఉంటుంది, ఇనుములో మాత్రం ఉండదు.

ఈ సంగతి నోటుబుక్కులో రాసుకుంటున్నప్పుడే రత్నం చేతిలో పెన్ను ఆగింది. కొలిమిలో కాల్చినా అంతే. తండ్రి బండి చట్రం, ఫోర్కు, రిమ్ములు, అన్నింటినీ తనే కాల్చి మెరిపించింది. ఆయన తిరిగిన దారులన్నీ వాటిలో ఉండేవి. కొత్తగా చేస్తున్నాననుకుని మొత్తం తుడిచేసింది. మిగిలింది హేండిల్ ఒక్కటే.

తల్లికి చెప్పింది. ఆ రోజు నాన్న ఎక్కడికి వెళ్ళాడో ఇది చెప్పగలదు, కానీ ఒక్కసారే అని. పైడమ్మ మూడు వారాలు ఆ ఊసే ఎత్తలేదు. నాలుగో ఆదివారం హేండిల్‌ని తనే తువ్వాల్లో చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, పద అంది.

* * *

ల్యాబులో ఆమెకు కుర్చీ వేసి, నకలు హేండిల్‌ని ఎదురుగా బిగించారు. పైడమ్మ రెండు చేతులూ దాని మీద పెట్టింది. పెట్టె మొదలుపెట్టిన కొద్దిసేపటికి హేండిల్ వణికింది. ఇంజను వణుకు. గతుకులు, మలుపులు, బ్రేకులు. పైడమ్మ మొహంలోకి ఎప్పుడూ చూడని చిన్నపిల్ల ఒకతి వచ్చి కూర్చుంది. బతికున్నట్టే ఉన్నాదే అంది మెల్లిగా.

పెట్టె వేగం పెంచితే ఏళ్ళు పరుగెత్తిపోతున్నాయి. రత్నం తెర మీద రోజుల్ని లెక్కపెడుతోంది. ఏడు రోజులకోసారి ఒకే దారి వస్తోంది. ఇరవై నిమిషాల ప్రయాణం, తర్వాత రెండున్నర గంటలు కదలిక లేదు, మళ్ళీ అదే దారిన వెనక్కి. ఒక వారం కాదు, రెండు వారాలు కాదు, తొమ్మిదేళ్ళు. ఆ దారిలో ముందు చక్రం మీద బరువు ప్రతిసారీ తగ్గుతోంది. కారణం తట్టగానే, ల్యాబులో మాట్లాడే అలవాటున అనేసింది.

"వెనక ఎవరో కూర్చున్నారు."

అన్నాక నాలుక కరుచుకుంది. పైడమ్మ చేతులు హేండిల్ మీంచి లేచాయి.

"వారం వారమా?"

రత్నం అబద్ధం చెప్పలేకపోయింది.

"గురువారం గురువారం సంతలో పనుందని ఎల్లేవోడు," అంది పైడమ్మ. ఇనుముకి వారం పేరు తెలియదు. ఆ పేరు ఆమె పెట్టింది. "నన్ను ఎక్కించుకోడానికి సిగ్గన్నానే. సిగ్గు కాదన్నమాట. సీటు కాళీ నేదు."

తెర మీద ఆ ప్రయాణాలు ఆగిపోయి, కదలిక లేని రోజులు పలచటి గీతల్లా మొదలయ్యాయి. స్టేషన్ ఆవరణలో పడున్న రోజులు కాబోలు అనుకుంది రత్నం. ఆపెయ్యమని తల్లి అంటే ఆపేసింది.

తిరుగు రైల్లో పైడమ్మ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. కొత్తవలస దాటాక ఒకే మాట అంది. ఎనిమిదేళ్ళు ఈదిలో అందరితో దెబ్బలాడినాను, వాళ్ళే నిజం సెప్పినారు అని. ఇంటికి వెళ్ళాక, బండిని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యమంది. ఫోటో ముందు దీపం పెట్టడం మానేసింది.

* * *

జగ్గారావు గారు జరిగింది విని, ఇనుము ఎలా జరిగిందో చెబుతుంది గాని ఎందుకో చెప్పదమ్మా, ఎందుకన్నది మనం కలుపుకుంటాం అన్నారు. ఓదార్పు మాటనుకుని రత్నం తలూపింది. కానీ వేరే ఏదో ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. రాసుకున్న వరుసను మళ్ళీ మొదటినుంచి చూసుకుంటూ పోయింది. ప్రయాణాలు, ప్రయాణాలు, తర్వాత నిశ్శబ్దం.

మరి పడిన దెబ్బ ఏదీ?

కల్వర్టు మీద అంత జోరుగా పడితే, అన్నింటికంటే పెద్ద ముద్ర అదే కావాలి. నిశ్శబ్దానికి ముందు ఉండాలి. లేదు.

తర్వాతి ఆదివారం ఇంటికెళ్ళి హేండిల్‌ని వెలుతురులో పెట్టి చూసింది. మధ్యలో బండికి బిగించే చోట, క్లాంపు పళ్ళు దిగిన గుర్తులున్నాయి. ఒక జత కాదు, రెండు. ఒక జత లోతుగా, నల్లగా, ఎడంగా ఉంది. దాని లోపలివైపు ఇంకో జత ఉంది. అది నిన్న బిగించినంత లేతగా ఉంది. బండి మీద కొలిస్తే లేత గుర్తులే సరిపోయాయి. లోతైనవి ఈ బండివి కావు.

రత్నం లేచి వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, ఆ హేండిల్ నాన్నది కాదే. ఇంకెవరి బండిదో. మనం విన్నది ఇంకెవరి బతుకో."

పైడమ్మ అట్ల పెనం మీద నీళ్ళు చిలకరించింది. తర్వాత అడిగినది రత్నం ఊహించనిది.

"అయితే ఆరు దసరాలు నాను పసుపు రాసింది ఎవలి హేండిల్‌కే?"

* * *

ఆ నిశ్శబ్దం ఎవరిదో పాత యజమానిది. దాని తర్వాతే తండ్రి ప్రయాణం ఉండాలి. అది ఇంకా చదవలేదు. ఆపమని తల్లి అన్నందుకు మిగిలింది.

ఈసారి జగ్గారావు గారు తనే దగ్గరుండి పెట్టె నడిపారు. చివర్లో పడిన దెబ్బ వస్తుంది, మీ చేతుల్లోకే వస్తుంది, తట్టుకోగలరా అని పైడమ్మని అడిగారు. వచ్చినప్పుడు సూద్దాం బాబూ అంది ఆమె.

నిశ్శబ్దం గడిచింది. ఇంజను మేల్కొంది. పైడమ్మ కళ్ళు మూసుకుంది.

రెండు నిమిషాలకే రత్నం తెరకి దగ్గరగా వంగింది. పాత యజమాని చేతులు రెండూ సమానంగా నొక్కేవి. ఈ మనిషి ఎడమ చేయి బండి మొత్తాన్ని మోస్తోంది. కుడి చేయి ఊరికే ఆనించి ఉంది, ఎడమదాని బలంలో మూడో వంతు కూడా లేదు. ప్రతి గతుకు దగ్గరా కుడి చేయి వదిలేస్తోంది. సాంబారు గరిటె గుర్తొచ్చింది ఆమెకు. కానీ తండ్రిది ఎడమవాటం కాదు.

"నాన్న కుడి భుజానికి ఏమైనా ఉండేదా అమ్మా?"

పైడమ్మ కళ్ళు తెరిచింది. జ్ఞాపకాలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఆఖరి రెండు మూడేళ్ళు చొక్కా ఎడమ చేత్తో తొడుక్కునేవాడు. నీళ్ళ బిందె ఎత్తడం మానేశాడు. అడిగితే పట్టేసిందే, పోతాదిలే అనేవాడు. ఒళ్ళు వంగడం లేదని తను దెప్పేది. స్తంభం ఎక్కలేడని తెలిస్తే ఆఫీసులో కుర్చీలో కూచోబెడతారని ఆయనకి భయం కాబోలు, ఇంట్లో చెబితే పెళ్ళాం వీధంతా చెబుతుందని భయం.

హేండిల్ వణుకుతూనే ఉంది. రైలు గేటు పట్టాలు వచ్చాయి. రెండు స్పీడు బ్రేకర్లు. రత్నం మ్యాపు మీద వేలు నడిపింది. పదకొండు కిలోమీటర్లు. ఇంకో మలుపు తిరిగితే కల్వర్టు.

పైడమ్మ చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సాలు. అది ఆయన్ది. మనకెందుకు."

రత్నం మీట నొక్కేసింది. ఆఖరి కొద్ది సెకండ్లు ఇనుములోనే ఉండిపోయాయి. దెబ్బ తగిలిన క్షణం ముద్ర ఎలా ఉంటుందో చూడాలని జగ్గారావు గారికి రెండేళ్ళుగా ఉన్న కోరిక. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పెట్టె మూత తనే తీశారు.

* * *

మరో నెలకి బండి లేచి నిలబడింది. ఆ హేండిలే బిగించింది రత్నం. మొదటి ప్రయాణం ఎక్కడికో ఇద్దరూ మాట్లాడుకోలేదు, ఇద్దరికీ తెలుసు. పైడమ్మ స్టూలు మీంచి ఎక్కి, చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ మధ్య దోపుకుని, కూతురి భుజం గట్టిగా పట్టుకుంది. సీటు ఎలా ఉందని అడిగితే మంచంలా ఉన్నాది అంది. కొంత దూరం పోయాక, ఈ చీర చక్రంలో పడకుండా ఏమీ కట్టలేదేటే, ఇంత చదువు చదివినావు అంది. రత్నం ఉలిక్కిపడింది. సీటూ పలకా అన్నీ కొలిచి చేసింది. చుడీదార్లు వేసుకునే మనిషికి చీర గుర్తురాలేదు.

కల్వర్టు దాటి, స్పీడు బ్రేకర్లు, రైలు గేటు, ప్రయాణాన్ని వెనక నుంచి ముందుకి చదువుకుంటూ పోయారు. పదకొండో కిలోమీటరు ఒక చిన్న ఊళ్ళో, కుట్టుమిషను ఉన్న ఇంటి పంచపాళీ ముందు ఆగింది. మిషను ముందున్న ముసలాయన పేరు సింహాద్రి. తల ఎత్తి ముందు బండి హేండిల్‌ని చూశాడు, తర్వాతే మనుషుల్ని.

"ఇది నాదే. లైన్‌మన్ బాబు పట్టుకెళ్ళినాడు. ఆయనేడి?"

పైడమ్మ చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి మిషను మీద పెట్టాడు. ఆ సంగతి ఆయనకి ఇంతవరకూ తెలియదు. తర్వాత నెమ్మదిగా తన కథ చెప్పుకొచ్చాడు. ఆయన, ఆయన భార్య వారం వారం రాజాం వెళ్ళి మాట్నీ సినిమా చూసేవారట. ఆవిడ పోయాక బండి ఎక్కలేదు. వెనక ఎవరూ కూర్చోకపోతే బండెందుకని ముక్కలు ముక్కలుగా అమ్మేశాడు. ఒకరోజు గాలివానకి పడిన స్తంభాల పనికి పంపితే ఈ వీధిలోకొచ్చిన గౌరునాయుడు గోడకి వేలాడుతున్న హేండిల్ చూసి ఆగాడు. తర్వాత సెలవు రోజున మళ్ళీ వచ్చాడు.

"నా హేండిల్ పొట్టిగుంటాది, కుడి భుజం సాగదు, ఎనక మనిషి కూకుంటే తిప్పలేను, పడేస్తానన్న భయం అన్నాడమ్మా. ఎడల్పుది కట్టుకుంటే ఇంటిదాన్ని ఎక్కించుకోవచ్చన్నాడు. ఇక్కడే బిగించుకున్నాడు."

సింహాద్రి లోపలికి వెళ్ళాడు. వచ్చేటప్పుడు ఒక చేతిలో చీర చక్రంలో పడకుండా బిగించే ఇనుప వల, ఇంకో చేతిలో తుప్పు పట్టిన పొట్టి హేండిల్ ఉన్నాయి. వల బిగించే ఇనుప కాళ్ళు లైన్‌మన్ బండికి చాల్లేదట, వెల్డింగు పెట్టించి ఉంచు, వచ్చేవారం వచ్చి ఈ పాత హేండిల్, అదీ కలిపి పట్టుకెళ్తానన్నాడట. పెట్టించి ఉంచాడు. ఎనిమిదేళ్ళు మేకుకి వేలాడదీసి ఉంచాడు.

పైడమ్మ ఆ పొట్టి హేండిల్‌ని రెండు చేతుల్తో అందుకుంది. కుడి పిడి రబ్బరు కొత్తదానిలా ఉంది. ఎడమది అరిగి నున్నబడింది. ఆమె ఎడమ పిడి పట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. 

రత్నం వల బిగిస్తూ, తను చేసిన తప్పు దాచుకోలేక సింహాద్రికి చెప్పేసింది. తెలియక మీ ప్రయాణాలన్నీ విన్నామని, ఇనుములో అవి ఇప్పుడు లేవని, తన దగ్గర కంప్యూటర్లో మాత్రమే ఉన్నాయని, నకలు హేండిల్ పట్టుకుంటే చేతికి తెలుస్తాయని. కోప్పడతాడనుకుంది. ఆయన ఆలోచించి అడిగాడు.

"మా ఆవిడ బరువు కూడా ఉన్నాదా అందులో?"

"ఉంది తాతా."

"ఎంత?"

"యాభై నాలుగు కిలోలు. చివరి రోజుల్లో తగ్గింది."

"నలభై ఐదనేది," అని ముసలాయన ఫక్కున నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగి, కండువాతో మొహం తుడుచుకున్నాడు. పట్టుకుంటే చేతికి తెలుస్తుందన్నావే, ఒకసారి నాకు పట్టిస్తావా అని అడిగాడు. వచ్చే ఆదివారం తనే వచ్చి విశాఖ తీసుకెళ్తానని రత్నం మాటిచ్చింది.

తిరుగు ప్రయాణంలో పైడమ్మ ఒళ్ళో పాత హేండిల్ ఉంది. రైలు గేటు పడి ఉంటే ఆగారు. గూడ్సుబండి పోతుండగా రత్నం వెనక్కి తిరిగింది.

"అది నిజంగా నాన్నదే. ఇరవై ఏళ్ళది. చదవమంటావా అమ్మా?"

"సదివితే పోద్ది కదా?"

"ఇనుములోంచి పోతుంది."

"అయితే ఉండనీ. నాకు తెలవాల్సింది తెలిసింది." దసరాకి ఇంకా నాలుగు నెల్లుంది అని, తనలో తను అనుకున్నట్టు అంది.

గేటు లేచింది. రత్నం బండి స్టార్టు చేసింది. పట్టాలు దాటాక పైడమ్మ ముందుకి వంగి, ఇంజను చప్పుడు మీదుగా కూతురి చెవిలో అడిగింది. నువ్వు పట్టుకున్న ఆ హేండిల్, ఇప్పుడు నాను ఎనక కూకున్నట్టు కూడా రాసుకుంటదా అని.

రాసుకుంటోంది, ఈ క్షణం కూడా రాసుకుంటోంది అని రత్నం చెప్పింది.

"అయితే ఆగు," అని పైడమ్మ కుచ్చిళ్ళు సర్దుకుని, వీపు మెత్తకి ఆనించి, సీటు మధ్యకి జరిగి సరిగ్గా కూర్చుంది. "ఊఁ, పద."